తీసుకున్నా అనే మాట

"ఆదివారం మధ్యాహ్నాలు నేను బయటికి వెళ్తాను," అంది ఆమె, కంచాలు తీస్తూ.

ఎవరూ తలెత్తలేదు. ఆమె భర్త పళ్లసందుల్లో పుల్ల పెట్టుకుని టీవీ చూస్తున్నాడు. సీసాల ఫ్యాక్టరీలో అతను ఫోర్‌మన్. ఇంట్లోనూ వీధిలోనూ కూడా అందరికీ ఫోర్‌మనే. అతని అక్క, అంటే ఆమెకు వదిన, పురిటికి సాయమని వచ్చి, పిల్లవాడికి రెండేళ్లు నిండినా ఇంకా సాయం చేస్తూనే ఉంది. ఆ సాయం ఎక్కువగా నోటితో. పిల్లవాడు బల్ల కింద చేరి తల్లి కాలికి రెండు చేతులూ చుట్టి వేలాడుతున్నాడు. గుండ్రంగా ఉంటాడని వాణ్ని బుడంకాయ అంటారు.

"ఎక్కడికట?" అంది వదిన, తమ్ముడి వైపు చూసి.

"ఈత నేర్చుకుంటా. స్కూలు వెనకాల స్విమ్మింగ్ పూల్ ఉందిగా. మధ్యాహ్నం ఎండగా ఉంటుందని ఎవరూ రారు. ఆ వేళ ఆడవాళ్లకి వదిలేస్తారు."

వదిన నవ్వడానికని గ్లాసు కింద పెట్టింది. "విన్నావా తమ్ముడూ? ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతుందట. మొన్న బకెట్టు ఎత్తితే నడుం పట్టేసిందని మూలిగింది ఈ మహాతల్లే కదా?"

"నడుం నొప్పికా? డాక్టరు చెప్పాడా?" అన్నాడు ఫోర్‌మన్, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

ఆ ప్రశ్నలో ఒక దారి ఉంది. అవునంటే చాలు. ఆ ఇంట్లో ఆడదానికి జ్వరమొస్తే పడుకోవచ్చు, నొప్పి వస్తే కూర్చోవచ్చు. మందులాంటి విశ్రాంతికి ఎవరూ అడ్డు చెప్పరు. కానీ ఆమె ఆ సంగతి ముందే ఆలోచించుకుంది. నొప్పి పేరు చెప్పి వెళ్తే, నొప్పి తగ్గిన రోజున వెళ్లడమూ ఆగిపోతుంది.

"ఎవరూ చెప్పలేదు. నాకే వెళ్లాలనుంది."

"రోజంతా ఇంట్లోనే కదా ఉంటున్నావు. ఇంకా రెస్టు దేని నుంచి?"

ఆమె కంచాలు ఒకదాని మీద ఒకటి పేర్చింది. చెప్పినా అర్థమయ్యే మాట కాదు. నిద్రలో మెడ చుట్టూ ఒక చెయ్యి. లేస్తే కొంగు పట్టుకుని ఒక చెయ్యి. స్నానాల గది తలుపు కింది సందులోంచి లోపలికి వచ్చి కదిలే నాలుగు వేళ్లు. రెండేళ్లుగా ఒంటి మీద ఇంకొకరి చెయ్యి లేని పూట ఆమెకు గుర్తు లేదు. ఆమెకు కావలసింది ఈత కూడా కాదేమో. ఎవరూ పట్టుకుని వేలాడని ఒంటితో కాసేపు ఉండడం.

"వెళ్తే వెళ్లు. ఎవరు కాళ్లు కట్టేశారు?" అన్నాడు ఫోర్‌మన్. ఆ మాటను ఆమె అనుమతి అనుకుంది.

ఆ ఆదివారం భోజనాలయ్యాక పిల్లవాడికి తినిపించి, మూతి కడిగి, మంచం మీద ఫోను చూస్తూ పడుకున్న భర్త పక్కన కూర్చోబెట్టింది. "వెళ్తున్నా. వాణ్ని చూస్తుండండి."

"ఊఁ."

వరండాలో తల దువ్వుకుంటున్న వదినకూ చెప్పింది. వదిన దువ్వెన నోట్లో పెట్టుకుని తలాడించింది.

పూల్‌లో నీళ్లు ఘాటైన మందు వాసన వేస్తున్నాయి. ఆమె మెట్ల దగ్గరి ఇనుప కమ్మీ పట్టుకుని మెడలోతుకు దిగింది. ఈల మెళ్లో వేసుకున్న కోచ్ గట్టు మీద నిలబడి కాళ్లు కొట్టమంది. ఆమె కొట్టింది. అంతే. అదే ఈత. కానీ నీళ్లు ఆమె బరువును తామే మోశాయి. చాలాకాలానికి ఆమెను ఎవరో మోశారు.

తడిజుట్టుతో వీధి మలుపు తిరిగేసరికి పిల్లవాడి ఏడుపు వినిపించింది. ఏ ఏడుపు దేనికో ఆమెకు తెలుసు. ఇది ఆకలిది కాదు, నిద్రదీ కాదు. పరిగెత్తింది.

బుడంకాయ చిటికెన వేలు బీరువా తలుపు సందులో పడి నలిగింది. గోరు నల్లబడి పైకి లేచింది. వదిన గుడ్డ చుట్టి ఎత్తుకుని ఉంది. తల్లిని చూడగానే వాడి ఏడుపు రెండింతలైంది.

"వచ్చిందమ్మా మహారాణి, జలకాలాడి," అంది వదిన. "ఆ తడిజుట్టు చూడు తమ్ముడూ. ఇక్కడ పసివాడి వేలు ఊడిపోతుంటే అక్కడ ఈవిడగారు చేపపిల్లలా ఈదులాడుతోంది."

ఆమె పిల్లవాణ్ని అందుకుని వేలు చూసింది. చూశాక తలెత్తింది. "ఎవరి దగ్గరున్నాడు వీడు?"

"నీ దగ్గర లేడు. అది మాత్రం నిజం," అన్నాడు ఫోర్‌మన్.

"మీ పక్కన కూర్చోబెట్టి వెళ్లాను."

"మంచం దిగి పోయాడు. అక్క దగ్గరికి పోయాడనుకున్నా."

"నేనేమో నీ దగ్గరే ఉన్నాడనుకున్నా," అంది వదిన చటుక్కున. "తండ్రి అక్కడే ఉండగా నాకేం తెలుసు?"

"మీకు చెప్పే వెళ్లాను. ఊఁ అన్నారు."

అప్పుడు ఫోర్‌మన్ లేచి కూర్చున్నాడు. ఫ్యాక్టరీలో పనివాణ్ని తప్పులో పట్టుకున్నప్పుడు ఎలా ఉంటుందో అతని ముఖం అలా అయింది. "ఊఁ అన్నా. తీసుకున్నా అన్నానా?"

ఆ మాట అర్థం ఆ ఇంట్లో అందరికీ తెలుసు. సీసాల ఫ్యాక్టరీలో కొలిమి ఆరదు. కరిగిన గాజు ఎవరి కోసమూ ఆగదు కాబట్టి మెషిన్ దగ్గర మనిషి లేని క్షణం ఉండకూడదు. అందుకని అక్కడొక పద్ధతి ఉంది. షిఫ్టు ఎక్కేవాడు వచ్చి, మెషిన్ మీద చెయ్యి వేసి, 'తీసుకున్నా' అని గట్టిగా అనాలి. అనేదాకా దిగేవాడు కదలకూడదు. ఆ మాట పడ్డాక ఏం పగిలినా వచ్చినవాడి పూచీ. పడకముందు ఉన్నవాడి పూచీ. కొందరు గడుసువాళ్లు వేళకే వస్తారు, బట్టలు మార్చుకుంటారు, నీళ్లు తాగుతారు, కబుర్లు చెబుతారు. ఇరుక్కున్న సీసాలన్నీ దిగేవాడి చేతే తీయించి, అప్పుడు తీరిగ్గా చెయ్యి వేస్తారు. వాళ్లకు ఫోర్‌మన్ పెట్టిన పేరు మాటదొంగలు. ఏ మాటదొంగను ఎలా పట్టుకుని అందరి ముందూ ఎలా నిలబెట్టాడో భోజనాల దగ్గర చెప్పడం అతనికి ఇష్టం. వడ్డిస్తూ వినడం ఆమెకు అలవాటు.

"మాట పడకుండా మెషిన్ వదిలి పోయినవాడిదే తప్పు," అన్నాడతను. "ఎవరినైనా అడుగు. నువ్వు వదిలేసి పోయావు."

"బాగా చెప్పావు," అంది వదిన.

ఆమె పిల్లవాడి వీపు నిమిరింది. పిల్లవాడు వెక్కుతూ వెక్కుతూ ఆమె భుజం మీదే నిద్రపోయాడు.

"నిజమే," అంది చివరికి. "మాట లేకుండా వదిలాను. తప్పు నాదే. ఇంకెప్పుడూ అలా వదలను."

వాదన గెలిచాననుకుని ఫోర్‌మన్ మళ్లీ పడుకున్నాడు.

మర్నాటి నుంచి ఇంట్లో గాలి మారింది. ఆమె అరవలేదు, అలగలేదు. వంటింట్లోకి వెళ్లే ముందు పిల్లవాణ్ని వదిన ఎదుట నిలబెట్టి, "వదినా, చెయ్యి వెయ్యండి," అనేది.

"ఏంటమ్మాయ్ ఈ చోద్యం?"

"మీ తమ్ముడి పద్ధతే. తీసుకున్నా అంటే వదులుతాను."

వదిన అనేది కాదు. ఆమె పిల్లవాణ్ని చంకనేసుకునే వంట చేసేది. కూర మాడేది. మాడిందని అడిగితే, "చేతులు ఖాళీ లేవు," అనేది. ఒకరోజు ఫోర్‌మన్ ముచ్చటపడి కొడుకును పైకెగరేసి ఆడిస్తుంటే వాడు అతని చొక్కా తడిపేశాడు. "ఛీ, ఛీ, పట్టుకో," అని చాపిన చేతులతో ఆమె వైపు వచ్చాడు. ఆమె కదల్లేదు.

"నేను తీసుకున్నా అనలేదు."

"ఏంటి పొగరా? పిల్లాణ్ని మెషిన్ అనుకున్నావా?"

"మెషిన్ అయితే మీరెప్పుడో చెయ్యి వేసేవారు."

అతను పిల్లవాణ్ని నేల మీద దించి చొక్కా విప్పి మూలకు విసిరాడు. బుడంకాయ మాత్రం ఈ గొడవలో నుంచి తనకు కావలసింది ఏరుకున్నాడు. దారిలో కనబడిన ప్రతి బకెట్టు మీదా, చీపురు మీదా చెయ్యి వేసి, "తీచుకున్నా!" అని అరుస్తూ తిరిగాడు. వదిన వాడి నోరు మూసేది.

తర్వాతి ఆదివారం ఆమె సంచీ భుజానికి తగిలించుకుని, పిల్లవాణ్ని మంచం పక్కన నిలబెట్టింది. ఫోర్‌మన్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. అతనికి నిద్ర పట్టలేదని ఇద్దరికీ తెలుసు.

"చెయ్యి వెయ్యండి."

"వారమంతా కొలిమి ముందు కాలుతున్నా. ఒక్క ఆదివారం పడుకోనివ్వవా? నా చెవులు చూడు, సగం పోయాయి. నా చేతులు చూడు."

ఆమె చూసింది. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. అబద్ధం ఏమీ లేదు. "పొద్దున్నంతా పడుకున్నారు. ఎవరూ లేపలేదు. పొద్దున మీది. మధ్యాహ్నం నాకు కావాలి."

"నేను సంపాదిస్తున్నా."

"అందుకే వారమంతా అడగలేదు."

"ఒసేయ్, మగాడితో వాదం పెట్టుకుని బాగుపడినదెవరో చెప్పు," అంటూ వదిన గుమ్మంలో నిలబడింది. "ఇద్దరు పిల్లల్ని పెంచాను నేను. ఒక్కనాడు నా కోసమని గడప దాటలేదు."

"మీకు దాటాలనిపించలేదా వదినా?"

వదిన కొంగు భుజాల మీదికి లాక్కుని, "నాకు సిగ్గుంది," అంది.

ఫోర్‌మన్ నోట 'తీసుకున్నా' అనే మాట రాలేదు. ఆమె వెళ్లలేదు. కానీ సంచీ కూడా దించలేదు. ఆడవాళ్ల వేళ అయిపోయేదాకా ఆ మంచం పక్కనే, భుజాన సంచీతో, కాలికి పిల్లవాడితో నిలబడే ఉంది. ఫోర్‌మన్ గోడ వైపే చూస్తూ పడుకున్నాడు. అలా వీపు మీద చూపు పెట్టుకుని పడుకోవడం కన్నా కొలిమి దగ్గర నిలబడడమే నయమనిపించి ఉంటుంది అతనికి.

ఆ పై ఆదివారం కూడా ఆమె అలాగే నిలబడబోతుండగా గేటు దగ్గర బండి ఆగింది. ఫ్యాక్టరీలో లైను నడిపే ఆపరేటరు.

"సార్, ఫోనెత్తరేంటి? రెండో లైను మొత్తం ఇరుక్కుంది. మేనేజరు వచ్చి కుర్చీ వేసుకు కూర్చున్నాడు. మిమ్మల్ని వెంటబెట్టుకు రమ్మన్నాడు."

ఫోర్‌మన్ ఒక్క ఊపున లేచాడు. ఇప్పుడు అలసట లేదు. చొక్కా తొడుక్కుని, బూట్లు వేసుకుంటుంటే బుడంకాయ వచ్చి అతని కాలికి చుట్టుకున్నాడు. వాణ్ని ఊడదీసి ఆమె వైపు తోశాడు.

"పట్టుకో."

ఆమె రెండు చేతులూ సంచీ పట్టీ మీదే ఉన్నాయి. "వదిలి వెళ్తున్నారా?"

"కనబడట్లేదా?"

"అయితే నేను తీసుకున్నానో లేదో అడగాలి కదా."

గేటు దగ్గర ఆపరేటరు మెడ చాచాడు. ఫోర్‌మన్ గొంతు తగ్గించాడు. "లోపలికి రా, చెప్తా నీ సంగతి."

"ఇక్కడే చెప్పండి."

"అక్కా, నువ్వు పట్టుకో వీణ్ని."

వదిన రెండడుగులు వెనక్కు వేసింది. "నాకెందుకురా బాబూ? మొన్న వేలు నలిగితే ఒకరి మీద ఒకరు తోసుకున్నారు. ఈసారి కాలు విరిగితే నా మెడకి చుడతారు. మీ మాటలేవో మీరే తేల్చుకోండి."

ఆపరేటరుకు నవ్వు ఆగలేదు. "ఏంటి సార్, ఇంట్లో కూడా షిఫ్టులేనా?"

"అవునన్నయ్యా, మీ సార్ పద్ధతే," అంది ఆమె. గొంతు పెంచలేదు, అయినా గేటు దాకా వినపడింది. "రోజూ పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లిపోతారు. పిల్లాణ్ని నేను తీసుకున్నానో లేదో ఒక్కనాడూ వెనక్కి తిరిగి చూడలేదు. ఇవాళైనా అడగమంటున్నా."

"మా దగ్గర అలా దిగిపోతే సార్ ఊరుకోరమ్మా. మొన్న నన్నే అందరి ముందూ..." ఫోర్‌మన్ ముఖం చూసి అతను బండి అద్దం తుడుచుకోవడంలో పడ్డాడు.

మింగలేక కక్కలేక ఫోర్‌మన్ మెడ నరాలు లేచాయి. అతను ఆమె దగ్గరికి, చాలా దగ్గరికి వచ్చాడు. కొడతాడేమోనని వదిన "తమ్ముడూ" అంది. అతను కొట్టలేదు. పళ్ల మధ్య నుంచి అడిగాడు.

"తీసుకుంటావా, తీసుకోవా?"

ఆమె వంగి పిల్లవాడి తల మీద అరచెయ్యి వేసింది. "తీసుకున్నా. వెళ్లండి."

సోమవారం నాటికి ఈ సంగతి ఫ్యాక్టరీ అంతా పాకింది. క్యాంటీనులో ఫోర్‌మన్ వెనక నుంచి ఎవరో, "ఇంటి షిఫ్టు ఎవరిది సార్?" అన్నారట. ఎవరన్నారో తిరిగి చూసేలోపు అందరూ తింటున్నారట. ఈ మాట అతను ఇంట్లో చెప్పలేదు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తుంటే కొక్కెం ఊడి చేతికొచ్చింది. దాన్ని కిటికీలోంచి విసిరేశాక అన్నాడు:

"నా కింద పనిచేసేవాళ్లు నన్ను మాటదొంగ అంటున్నారు. సంతోషమేనా?"

"నేనా పేరు పెట్టలేదు."

"నీ అంత విషపు మనిషిని చూడలేదు. నోట్లో నాలుక లేనిదని చేసుకున్నా."

"అప్పుడు మెళ్లో పిల్లాడు లేడు," అంది ఆమె, బియ్యం కడుగుతూ.

వారమంతా అతను ఆమెతో మాట్లాడలేదు. ఉప్పు కావాలంటే అక్కను అడిగాడు. అక్క ఆమెను అడిగింది. ఆమె ఉప్పు గిన్నె అతని ముందే పెట్టింది.

ఆదివారం భోజనమయ్యాక ఆమె సంచీ తగిలించుకుని వచ్చేసరికి అతను మంచం మీద లేడు. హాలు మధ్యలో కుర్చీ వేసుకుని, రెండు కాళ్లూ నేల మీద గట్టిగా పెట్టి కూర్చున్నాడు. ఆమె పిల్లవాణ్ని అతని ముందుకు తెచ్చింది. నోరు తెరవకముందే అతని చెయ్యి వాడి తల మీద పడింది. ఆ ఊపుకు వాడు నేల మీద కూర్చుండిపోయాడు.

"తీసుకున్నా. పో."

అది ప్రేమతో అన్న మాట కాదు. పనివాళ్ల ముందు తల ఎత్తుకోవడానికి అన్న మాట. ఆమెకు ఆ తేడా తెలుసు. తెలిసీ చెప్పులు వేసుకుని వెళ్లింది.

హాయిగా ఏమీ లేదు. ఇంట్లోని కోపమంతా ఆమెతో పాటు నీళ్లలోకి దిగింది. కమ్మీ పట్టుకుని ఆమె కాళ్లు కొడుతుంటే గట్టు మీదికి నీళ్లు ఎగిరి పడ్డాయి.

"ఎవర్నమ్మా అంతలా తంతున్నారు?" అంది కోచ్. "మెల్లగా తన్నినా పోతారు వాళ్లు. ముందు ఆ కమ్మీ వదలండి."

వదిలింది. మునిగింది. ముక్కులోకి నీళ్లు పోయి, దగ్గి, మళ్లీ వదిలింది. ఆ పూట అయిపోయేసరికి గోడ నుంచి రెండు బారలు దూరం వెళ్లగలిగింది. ఆ రెండు బారల దూరంలోనూ ఇల్లు గుర్తుకు రాలేదు. మునిగిపోకుండా ఉండడంలో వేరే దేనికీ చోటు లేదు.

తిరిగి వచ్చేసరికి హాలంతా పిండి. పిల్లవాడికి చొక్కా ఉంది, నిక్కరు లేదు. వదిన తలుపు వేసుకుని గదిలో ఉంది. సాయం చేస్తే ఒప్పుకున్నట్టవుతుందని ఆవిడ పట్టుదల. ఫోర్‌మన్ చెమటతో, జుట్టులో పిండితో, కొడుకును ఒక చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"తీసుకో," అన్నాడు. సోమవారం గొడవ తర్వాత ఆమెతో అన్న రెండో మాట.

అతను చీపురు వెతికి పిండి ఊడ్చేదాకా ఆగి, అప్పుడు ఆమె పిల్లవాడి మీద చెయ్యి వేసింది.

అలా ఆదివారాలు గడిచాయి. ఎవరూ మెత్తబడలేదు. ఆదివారం వంట రుచిగా లేదనేవారు. తడిబట్టలు తీగ మీద కనబడితే వదిన వాటికి దూరంగా తన చీర ఆరేసుకునేది. ఫోర్‌మన్ మాట ఇచ్చేవాడు, అంతకు మించి ఒక్క మాట ఇచ్చేవాడు కాదు. కానీ చేతిలో పెట్టిన పనిని చెడగొట్టడం అతనికి చేతకాదు. రెండు మూడు వారాల్లోనే పిల్లవాడు ఏ బొమ్మకు ఊరుకుంటాడో, ఏ వైపు పడుకోబెడితే నిద్రపోతాడో కనిపెట్టాడు. లైను మెషిన్ చప్పుడు నోటితో చేస్తే వాడు నవ్వుతాడని కూడా తెలుసుకున్నాడు.

ఒక ఆదివారం సాయంత్రం ఆమె తిరిగొచ్చింది. పిల్లవాణ్ని తీసుకుంది. అతను మంచం మీద నడుం వాల్చాడు. బుడంకాయ వరండా మెట్టు మీద నుంచి జారి ముక్కు మీద పడ్డాడు. ఆమె రెండు చేతులూ చాచి ముందుకు వంగింది. వాడు లేచి, ఏడుస్తూ, ఆ చేతుల పక్క నుంచి దాటుకుని, లోపలికి పరిగెత్తి తండ్రి పొట్ట మీదికి ఎక్కాడు.

ఆమె చేతులు అలాగే ఉండిపోయాయి.

"చూశావా?" వదిన గొంతులో చాలాకాలం నుంచి దాచిన తీపి ఉంది. "కన్నతల్లిని దాటుకుని పోయాడు. అయిందా సరదా? పిల్లాణ్ని పోగొట్టుకుని ఈతలు నేర్చుకున్నావు. ఇప్పుడేమంటావు?"

లోపల ఫోర్‌మన్ కొడుకు ముక్కు తుడుస్తూ, తల తిప్పి ఆమె వైపు చూశాడు. అతను కూడా ఆ జవాబు కోసమే చూస్తున్నాడు. మానేస్తానంటుందని.

ఆమెకు ఏడుపొచ్చింది. కళ్లల్లో నిలిచింది, అది వాళ్లిద్దరికీ కనబడింది. ఆమె దాచుకోలేదు. మానేద్దామన్న ఆలోచన మాత్రం ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

"ఏమంటాను వదినా? ఈది వచ్చాను. ఆకలేస్తోంది."

లోపలికి వెళ్లి కంచం పెట్టుకుని, ఎవరికీ వడ్డించకముందే కూర్చుంది.